కవర్లు విప్పిన ఇల్లు

మా అత్తమ్మ మా ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే ఫ్రిజ్‌కి చొక్కా తొడిగింది. నెత్తిన పరుచుకుని రెండు పక్కలా వేలాడే కవరు, పక్కలకి జేబులు, అంచుకి లేసు, నడిమధ్య ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు చిలకలు. ఆ తర్వాత టీవీకి, మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కి, మంచినీళ్ల క్యాన్‌కి, ఆఖరికి ఆ కవర్లన్నీ కుట్టిన మిషనుకి కూడా. సోఫాకి కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద ఇంకో గుడ్డ, ఆ గుడ్డ జారకుండా మూలలకి నాడాలు. మా ఇంట్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరిగింది సీలింగ్ ఫ్యాను ఒక్కటే.

“ఎందుకత్తమ్మా ఇన్ని?” అంటే, “దుమ్ము పడుతుందే అమ్మాయ్. తార్నాక దుమ్మంటే మాటలా?” అనేది.

మాది జనగామ వైపు పల్లె. ఎమ్మే చదవడానికి యూనివర్సిటీకి వచ్చి, లైబ్రరీ బయట చాయ్ బండి దగ్గర ఒక తెనాలి అబ్బాయిని చూసి, చదువుతో పాటు పెళ్లి కూడా అక్కడే కుదుర్చుకున్నాను. ఇప్పుడు అదే క్యాంపస్‌లో పాఠాలు చెప్తాను. మామయ్యగారు పోయాక అత్తమ్మ మా దగ్గరికి వస్తుందని తెలిసినప్పుడు నా గుండెల్లో రాయి పడింది. నా ‘గిట్ల’, ‘గట్ల’ విని మొహం చిట్లిస్తుందనీ, నా పచ్చిపులుసుని పక్కకి నెడుతుందనీ భయపడ్డాను. ఆవిడ వచ్చీ రాగానే పచ్చిపులుసు మారు పోయించుకుంది. మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తే నాకంటే ముందు ఆవిడే అరిచేది. నేను క్లాసులు ముగించుకుని ఇంటికి వస్తే, “ఇవాళ ఎవడే నీ పాఠానికి నిద్రపోయింది?” అని అడిగి, నేను చెప్పేదంతా వినేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ లోటు గురించి నేను ఎవరితోనూ మాట్లాడను. అత్తమ్మతో మాట్లాడాను.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. మొదట పొద్దున పూట తుమ్ములు, తర్వాత మధ్యాహ్నం దగ్గు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పీల్చుకునే మందు రాసి, “దుమ్ము పడడం లేదమ్మా ఈవిడకి. దుమ్ముకి దూరంగా ఉంచండి” అన్నాడు. తార్నాకలో మెట్రో పక్కన మూడో అంతస్తులో ఉండేవాళ్లకి ఆ సలహా ఇవ్వడం, చేపని తడికి దూరంగా ఉండమన్నట్టే.

ఈ మాట కాకినాడలో ఉన్న మా ఆడపడుచు చెవిన పడింది. ఆమె మా ఆయనకి చెల్లెలు. తల్లంటే ప్రాణం, దానికి తోడు కొంచెం నోరు. వీడియో కాల్లో నన్ను నిలబెట్టి అడిగింది. “వదినా, ఆ మెయిన్ రోడ్డు మీద ఇల్లేంటి? అమ్మని ఆ దుమ్ములో ఉంచి ఏం చేద్దామని? వేసవి సెలవులకి వస్తాను. వెళ్లేటప్పుడు అమ్మని తీసుకునే వెళ్తాను. ఇద్దరికీ టికెట్లు చేయించేస్తున్నాను.”

మా ఆయన తల ఊపాడు. కొడుకులు తల ఊపడం తప్ప ఇంకేం చేస్తారు. ఫోను పెట్టేశాక అత్తమ్మ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. నాతో మాత్రం అంది. “అక్కడ నన్ను కుర్చీలో కూచోబెట్టి మర్యాదలు చేస్తారే. నాకు మర్యాదలు పడవు. ఇక్కడ పోపుల డబ్బా నా చేతిలో ఉంది, పొద్దున్నే క్యాంపస్‌లో నా వాకింగ్ జట్టు ఉంది. కానీ దగ్గుతూ మీ మీద పడి ఉండనా?” ఆ రోజే అనుకున్నాను, ఈవిడని పంపేది లేదని. దుమ్ముకీ నాకూ మధ్య యుద్ధం అక్కడ మొదలైంది. నా మొండితనం సంగతి దుమ్ముకి తెలియదు.

మొదట రోడ్డు దుమ్ము మీద పడ్డాను. బాల్కనీకి సన్నటి దోమల జాలీ కొట్టించాను. రోడ్డు వైపు కిటికీలన్నీ మూసి, సందులకి టేపు అంటించాను. చెప్పులు గుమ్మం బయటే విప్పాలని మా ఆయనకి శాసనం వేశాను. హబ్సిగూడలో ఒక షాపుకి పోయి గాలిని శుభ్రం చేసే మిషను కొనుక్కొచ్చి అత్తమ్మ గదిలో పెట్టాను. పెట్టి కాలేజీకి పోయి సాయంత్రం వచ్చి చూస్తే దానికి గులాబీ రంగు కవరు తొడిగి ఉంది. నెత్తిన చిన్న కుచ్చు కూడా.

“ఖరీదైన వస్తువు కదే, దుమ్ము పడకుండా” అంది అత్తమ్మ.

గాలి పీల్చే మిషనుకి ముక్కు మూసేసింది. నేను నవ్వలేక చచ్చాను. కవరు తీస్తే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని, వెనక వైపు చిన్న కిటికీలా కత్తిరించి వదిలేశాను. ఇంత చేసినా దగ్గు తగ్గలేదు సరికదా, పెరిగింది. కిటికీలు మూసినకొద్దీ పెరిగింది. మా ఆయన, “ఊరు మారిస్తేనే మంచిదేమో” అని గొణిగాడు. నేను ఆయన వైపు చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

ఒక ఆదివారం నేను కూడా అత్తమ్మతో పాటు క్యాంపస్‌కి నడకకి వెళ్లాను. తార్నాక చౌరస్తా దాటే దాకా బస్సుల పొగ, ఆటోల పొగ, ఊడ్చేవాళ్లు లేపిన మట్టి. గేటు దాటి లోపలికి పోతే చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు, ఎండుటాకుల గుట్టలు, వాటి మీదుగా పోయే బైకులు. దుమ్ముకి అక్కడేం కొదవ. అత్తమ్మ మాత్రం తన జట్టుతో కలిసి ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి, తిరిగి వచ్చే వరకూ ఆపకుండా మాట్లాడింది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే ఒకావిడ కోడలి గురించి, వంకాయల ధర గురించి, ఎవరింట్లోనో పోయిన పిల్లి గురించి. ఒక్కసారి కూడా దగ్గలేదు. నేనే ఆయాసపడ్డాను.

ఇంటికి వచ్చి సోఫాలో కూలబడి చెప్పులు విప్పిన కాళ్లు చాపింది. అంతే, దగ్గు తెర.

నేను అలాగే నిలబడిపోయాను. రోడ్డు మీద లేని దగ్గు ఇంట్లోకి రాగానే ఎందుకొచ్చింది? “అత్తమ్మా,” అన్నాను, “మీరు రోడ్డు మీద దగ్గలే. క్యాంపస్ల దగ్గలే. ఇంట్లకొచ్చినంక దగ్గుతున్నరు. దుమ్ము బయటిది కాదు, ఇంట్లదే.”

“మన ఇంట్లో దుమ్మా!” అంది ఆవిడ, నేనేదో ఇంటి పరువు తీసినట్టు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను తిరగేసి మొదలుపెట్టాను. టేపులన్నీ పీకేసి, రోడ్డు రద్దీ తగ్గే వేళల్లో కిటికీలు బార్లా తెరిచాను. మా ఇంట్లో పనిచేసే ఆమె ఫ్యాను వేసుకుని పొడి చీపురుతో ఊడ్చేది. ఈ మూల దుమ్ము ఆ మూలకి, ఆ మూలది మా ముక్కుల్లోకి. ఇక మీదట ఫ్యాను ఆపి, తడిబట్టతో తుడవమని చెప్పాను.

“ఏంది మేడం, రోజు తడిబట్టనే అంటరా? నా నడుము ఏం గావాలె?” అంది.

“పొడుగు కట్టె మాప్ తెచ్చిన. వంగే పనే లేదు.”

“కట్టె మాప్ అయితే టీవీ సూసుకుంట తుడుస్త” అని నవ్వి ఒప్పుకుంది. ఫ్యాను రెక్కలు నేనే ఎక్కి తుడిచాను. రెక్క మీద పాత దిండు గలీబు తొడిగి లాగితే మురికంతా గలీబులోనే ఉండిపోయింది, ఒక్క రేణువు కింద పడలేదు. ఆ పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోలేదు కనుక. దగ్గు కాస్త తగ్గింది. పోలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

దొరికింది ఒక సాయంత్రం, పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా హాల్లో పడ్డప్పుడు. నేను జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. అత్తమ్మ వంటింట్లోంచి వస్తూ ఫ్రిజ్ కవరుని రెండు చేతులా తట్టి సర్దింది. ఆవిడకి అది అలవాటు. ఎటు పోతున్నా దారిలో ఉన్న కవరుని తట్టి, ముడత లాగి, అంచు సరిచేసి పోతుంది. పసిపిల్ల గౌను సర్దినంత ముద్దుగా. ఎప్పుడూ చూసేదే. కానీ ఆ రోజు ఎండలో కనపడింది. ఆవిడ తట్టగానే చిలకల్లోంచి దుమ్ము లేచింది. బంగారు రంగులో, మెల్లగా, సరిగ్గా ఆవిడ మొహం ఎత్తున. తర్వాత టీవీ కవరు తట్టింది. అక్కడా లేచింది. తర్వాత సోఫా గుడ్డ దులిపి పరిచి కూర్చుంది. దగ్గింది.

దుమ్ము పడకుండా వేసిన కవర్లే దుమ్ముని దాచిపెడుతున్నాయి. పైపైన బాగానే కనపడతాయి కనుక ఉతికేది దసరాకో ఎప్పుడో. ఉతకని రోజుల్లో అత్తమ్మ తన చేతులతో తనే రోజూ తట్టి ఆ దుమ్ముని పీల్చుకుంటోంది.

నాకు నోట్లో నువ్వుగింజ నానదు. చక్కగా, మెత్తగా చెప్పాల్సింది, అక్కడికక్కడే చెప్పేశాను. “అత్తమ్మా, మిమ్మల్ని దగ్గిస్తున్నయి మీ కవర్లే.”

ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చిలకలు ఆవిడ పెళ్లి కాకముందు నేర్చుకున్న కుట్టు. టీవీ మీది హంసలు మామయ్యగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని కుట్టినవి. “నా చేతి పనే నా ఊపిరి తీస్తోందంటావుటే?” అని లేచి గదిలోకి పోయింది. అన్నానికి పిలిస్తే వచ్చింది కానీ మాట లేదు. పొద్దున్న కాఫీ ఇచ్చింది, మాట లేదు. కాలేజీ నుంచి వచ్చాక ఎవడు నిద్రపోయాడని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న లేకపోయేసరికి నాకు ఇల్లంతా పాడుబడినట్టు అనిపించింది. నా నోటిని నేనే తిట్టుకున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం.

మౌనం ఆవిడే తెంచింది. జడ వేసుకుంటూ అద్దంలోంచే అంది. “సరే, పందెం. కవర్లన్నీ తీసేస్తాను. తీసినా దగ్గు తగ్గకపోతే?”

“నేనే ఒక్కొక్కటి ఇస్త్రీ చేసి మల్ల తొడుగుత.”

“తగ్గితే?”

“మీరు ఎక్కడికి పోరు.”

ఆవిడ దువ్వెన ఆగింది. అద్దంలో నన్ను చూసింది. “అయితే నీ కాగితాలు కూడా పోవాలి” అంది. “మంచం కింద, బీరువా మీద, కిటికీ గూట్లో, ఎన్నేళ్ల నాటివే అవి? నా కవర్లని అనేముందు నీ కట్టల వంక చూసుకో. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, దుమ్మంతా నాదేనా?”

పిల్లల సెమినార్ కాగితాలు, పాత ప్రాజెక్టు రిపోర్టులు, చదువుతానని తెచ్చి చదవని పత్రికలు. వాటిని ముట్టుకుంటే వేళ్లు నల్లబడతాయని నాకు తెలుసు. నోరు మూసుకుని ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మా ఇంట్లో జరిగినంత సందడి పెళ్లికి కూడా జరగలేదు. ముక్కులకి మాస్కులు కట్టుకుని, నీళ్లు చిలకరించి, కవర్లని దులపకుండా లోపలికి మడిచి గోనెసంచుల్లో వేశాం. మా ఆయన మోశాడు. డాబా మీద పెద్ద డేగిసాలో నీళ్లు మరగబెట్టి కవర్లన్నీ అందులో ముంచాం. ఆ నీళ్లు మారిన రంగు చూసి అత్తమ్మ, “అయ్యో అయ్యో, ఇదంతా నా చిలకల్లోదేనా!” అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. పరుపులు, దిండ్లు ఎండలో ఆరేశాం. నా కాగితాలు పాత పేపర్లవాడి బండి ఎక్కాయి. ఉంచాలనుకున్నవి మూతలున్న డబ్బాల్లో సర్దాను. అత్తమ్మ నా పక్కనే నిలబడి ప్రతి కట్టకీ “ఇది చదివావా? చదవ్వు. వెయ్యి” అని తీర్పులు చెప్పింది. అంత సంతోషంగా నా చేత ఎవరూ ఏదీ పారేయించలేదు.

మధ్యాహ్నానికి డాబా మీద తాళ్ల నిండా చిలకలు, హంసలు, ద్రాక్షగుత్తులు ఆరాయి. వాటి అసలు రంగులు మాకే గుర్తు లేవు. ఆకుపచ్చ అనుకున్నది చిలకపచ్చ అట. బూడిదరంగు అనుకున్న హంసలు మల్లెపూవులా ఉన్నాయి. వడియాలు చూసుకోవడానికి పైకొచ్చిన అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు అక్కడే ఆగిపోయారు. “ఎవరు కుట్టిన్రు గివి?” అని అడిగితే నేను అత్తమ్మని ముందుకి తోశాను. ఆవిడ సిగ్గుపడుతూనే కుట్టుకుట్టుకీ పేరు చెప్పింది. నిన్నటి దాకా ఫ్రిజ్ నెత్తిన నీళ్ల సీసాల కింద ఉన్న పనిని ఆ రోజు తాళ్ల మీద తల ఎత్తి చూశారు. నాకు గర్వంగా అనిపించింది.

వాటిని మళ్లీ తొడగలేదు. మంచివి మడిచి బీరువాలో పెట్టి తలుపు వేశాం, పెళ్లిళ్లకి పేరంటాలకి తీసి వాడేలా. ఫ్రిజ్ బట్టలు లేకుండా నిలబడింది. రెండు రోజులు ఆవిడ దాని పక్కనుంచి పోతూ చెయ్యి చాపి, తట్టడానికి ఏమీ లేక చేతిని వెనక్కి తీసుకునేది. తర్వాత ఆ చేతికి నేను తడిబట్ట ఇచ్చాను. అప్పట్నుంచి తట్టే బదులు తుడవడం మొదలుపెట్టింది. దుప్పట్లు, గలీబులు వారం వారం వేడినీళ్లలో వేశాం. గాలి మిషను గులాబీ చొక్కా కూడా విప్పించాం. ఇన్నాళ్లకి పాపం అది ఊపిరి పీల్చుకుంది.

మొదట మధ్యాహ్నం దగ్గు పోయింది. తర్వాత పిల్లికూతలు. ఒక పొద్దున్న నేను లేచి వంటింట్లోకి పోయేసరికి అత్తమ్మ పోపు వేస్తూ కూనిరాగం తీస్తోంది. పొద్దుటి తుమ్ములు ఎప్పుడు ఆగిపోయాయో మేము గమనించనే లేదు. ఆవిడని డాక్టరుకి చూపిస్తే ఛాతీ విని, “బాగుందమ్మా, ఏం మార్చారు?” అన్నాడు. “మా కోడలు అన్నిటికీ బట్టలు విప్పించింది” అంది అత్తమ్మ. ఆయన నా వైపు అదోలా చూశాడు. నేను వివరించే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను.

సెలవులకి మా ఆడపడుచు రానే వచ్చింది. గుమ్మంలోనే ఇల్లంతా కలయజూసి, “ఇదేంటి వదినా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?” అంది. తర్వాత పెట్టె తెరిచి, తల్లికి చూపించాలని దాచుకున్న కానుక తీసింది. సోఫాకి, ఫ్రిజ్‌కి, టీవీకి కొత్త కవర్లు. లేసుతో సహా తన చేత్తో కుట్టినవి. పాపం ఎన్ని నెలలు కూర్చుని కుట్టిందో. కూతురు కుట్టి తెచ్చిన కవరుని ఏ తల్లి కాదంటుంది?

అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కుట్టూ వేలితో తడిమింది. “నాకంటే బాగా కుట్టావే” అంది. కూతురి మొహం వెలిగిపోయింది. అత్తమ్మ వాటిని జాగ్రత్తగా మడిచి, బీరువా తెరిచి, చిలకల పక్కన పెట్టి, తలుపు వేసేసింది. “పండక్కి పరుస్తాను” అంది. ఆ ‘పండక్కి’ అన్న మాట మా ఆడపడుచు పట్టుకుంది. “పండక్కి నువ్వు నా దగ్గర కదమ్మా ఉండేది? టికెట్లు ఉన్నాయిగా” అంది. అత్తమ్మ నవ్వి, “రేపు పొద్దున్న నాతో నడకకి రా, మాట్లాడుకుందాం” అంది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. క్యాంపస్ గేటు దాటాక అత్తమ్మ తన మామూలు నడక అందుకుంది. జట్టు ఆడవాళ్లు కలిశారు, ముచ్చట్లు మొదలయ్యాయి. ఆర్ట్స్ కాలేజీకి పోయే ఎత్తు దగ్గర మా ఆడపడుచు నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది. అత్తమ్మ అప్పటికే చాలా ముందుంది. చేతులు ఊపుకుంటూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి మమ్మల్ని రమ్మంటూ, నోరు ఆపకుండా పోతోంది. మా ఆడపడుచు రోడ్డు అంచున కూర్చుని తల్లినే చూసింది. “ఫోన్లో దగ్గు వినీ వినీ, అమ్మ మంచం పట్టిందనే అనుకున్నాను వదినా” అంది. కళ్లు తుడుచుకుంది. ఆమెని నేను అంతవరకూ నా శత్రువు అనుకున్నాను. ఆమెకి ఉన్నదీ నాకున్న భయమేనని ఆ రోడ్డు అంచున కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చాక మా ఆయన అడిగాడు, టికెట్ల సంగతి ఏం చెయ్యమంటారని. నేను ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తున్నాను. పందెం గెలిచాను కదా అని తల్లీకూతుళ్ల మధ్య దూరడానికి నోరు రాలేదు.

అత్తమ్మ కూతురి తల నిమిరి చెప్పింది. “నాది రద్దు చేయించవే. ఏడాదికోసారి వచ్చి నీ దగ్గర ఉంటాను, మర్యాదలు చేయించుకుంటాను. కానీ ఇక్కడ నా ఊపిరి కోసం ఇది ఇల్లంతా విప్పి ఉతికింది. దీన్ని వదిలి ఎక్కడికొస్తానే?”

నేను గరిటె చేతిలో పట్టుకునే భోరుమన్నాను. అత్తమ్మ వచ్చి గరిటె లాక్కుని, “చాల్లే, పిండిలో ఉప్పు ముందే వేశాను” అంది.